నేను తుడిచేసిన వరద

1981లో రాజమండ్రిలో మా గ్యాలరీ తెరిచి, మొదటి సోలో ఎగ్జిబిషన్ పెట్టిన రోజు గురించి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఎన్నోసార్లు చెప్పాను. మెట్ల మీద కూడా జనం నిలబడ్డారని చెప్పాను. బొమ్మలు అమ్ముడైన తీరు చెప్పాను. ఒక్క సంగతి మాత్రం ఎనిమిదేళ్ళు దాచాను. సుగుణ టీచరుగారి పెద్ద బొమ్మ మీద మట్టి దానంతటదే రాలిపోయిందని ఊళ్ళో అందరికీ చెప్పింది నేనే. అది రాలలేదు. నేను తుడిచేశాను.

సోలో ఎగ్జిబిషన్ అంటే ఒకే చిత్రకారుడి బొమ్మలతో జరిగే ప్రదర్శన. అప్పట్లో మా బజార్లో ఎగ్జిబిషన్ అంటే జెయింట్ వీలూ, మిరపకాయ బజ్జీలూను. "రంగులరాట్నం ఆ మేడ మీద ఎక్కడ పెడతావురా సుబ్బారావూ?" అని మా నాన్నగారే అడిగారు. ఆయనది మెయిన్ రోడ్డులో పటాలు కట్టే కొట్టు. అన్నవరం సత్యనారాయణస్వామి పటాలు, పెళ్ళి ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు కట్టి ఇచ్చేవాళ్ళం. ఫ్రేముల చెక్క కోసం మద్రాసు వెళ్ళినప్పుడల్లా నేను అక్కడి గ్యాలరీలు చూసి వచ్చేవాణ్ణి. బొమ్మలు గోడకి తగిలించి, వచ్చినవాళ్ళకి చూపించి, అమ్మి, అందులో వాటా తీసుకునే వ్యాపారం అది. మన ఊళ్ళో ఎందుకు జరగదనిపించింది. కొట్టు పైన సామాను గదిని ఖాళీ చేయించి సున్నం వేయించాను.

మా కొట్లో ఒక పని ఉండేది. ఏటా వరద తీశాక లంకల నుంచి జనం తడిసిన పటాలు గోనెసంచుల్లో పట్టుకొచ్చేవారు. అద్దం ఊడదీసి, ఎండిన ఒండ్రుని మెత్తటి బ్రష్షుతో దులిపి, తర్వాత తడిగుడ్డతో కింద నుంచి పైకి తుడవాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పని చేశాను. ఒండ్రు కనిపిస్తే నా చెయ్యి నన్ను అడక్కుండానే గుడ్డ అందుకునేది.

సుగుణగారు మిషన్ బాలికల పాఠశాలలో డ్రాయింగు టీచరు. పుట్టింది లంకలో. వరద ఇంట్లో వదిలివెళ్ళిన ఒండ్రునే ఎండబెట్టి, జల్లించి, తుమ్మజిగురుతో కలిపి బొమ్మలు వేసేవారు. ఎక్కువగా చిన్నవే, నీళ్ళగా పూసినవి. పెద్దది ఒక్కటే. మనిషెత్తు కాన్వాసు మీద ఒక ఇంటి గోడ. నడుం ఎత్తున నీటి గీత. గీతకి పైన వెల్ల. కింద వేలి మందాన ఒండ్రు, పగుళ్ళతో సహా. అంత మందంగా వెయ్యడం ఆవిడకదే మొదలు. "దీనికి అద్దం వద్దండి," అన్నారు. "అద్దం వేస్తే మట్టి వాసన లోపలే ఉండిపోతుంది." నేను ఫ్రేము మాత్రం కట్టాను.

ఒండ్రుతో వేసిన ఆవిడ చిన్న బొమ్మనొకదాన్ని ఎవరింట్లోనో చూసి, మద్రాసులో గ్యాలరీ నడిపే ఒక పెద్దమనిషి ఆ సాయంత్రం వస్తానన్నారు. పెద్ద బొమ్మ నచ్చితే టీచరుగారి ప్రదర్శన మద్రాసులో పెడతానని మాట ఇచ్చారు.

ప్రారంభం నాటి ఉదయం నాకు కాలు నిలవలేదు. హ్యాంగింగ్, అంటే ఏ బొమ్మ పక్కన ఏది, ఎంత ఎత్తున, ఏ వెలుతురులో ఉండాలో తేల్చి తగిలించడం, మాకు కొత్త. మా కొట్లో మేకు ఖాళీగా ఉంటే పటం ఎక్కించడమే. నేనూ టీచరుగారూ బొమ్మల్ని ఈ గోడ నుంచి ఆ గోడకి మారుస్తూనే ఉన్నాం. అమ్ముడైన బొమ్మ పక్కన ఎర్ర చుక్క అంటించడం గ్యాలరీల్లో పద్ధతి. ఆ చుక్కలు తేవడం మరిచిపోయాను. నాన్నగారు పక్క ఫ్యాన్సీ షాపులో బొట్టుబిళ్ళల అట్ట కొనుక్కొచ్చి, "ముత్తైదు బొమ్మలన్నీ ఒకవైపు, తక్కినవి ఒకవైపు," అన్నారు. టీచరుగారు కుర్చీలో కూలబడి నవ్వారు.

పటం తీసుకెళ్ళడానికి వచ్చిన లంక మామ్మ ఒకావిడ పైకెక్కి పెద్ద బొమ్మ ముందు నిలబడిపోయింది.

"ఏంటమ్మా, నచ్చిందా?" అన్నాను.

"నచ్చడవేంటండి, మా ఇల్లండి ఇది. నీళ్ళు తీసిన మర్నాడు అచ్చం ఇలాగే ఉంటాదండి. చీపురు పట్టబుద్ధేస్తందండి."

టీచరుగారి ముఖం చూడాలి. "ఇంక మద్రాసాయన రాకపోయినా పర్లేదండి," అన్నారు. అన్నారే గానీ మధ్యాహ్నం ఆయన్ని తీసుకురావడానికి స్టేషనుకి వెళ్ళారు.

నేనొక్కణ్ణే మిగిలాను. ప్రతి ఫ్రేమూ మెరవాలని తడిగుడ్డతో తుడుచుకుంటూ వస్తున్నాను. మనసంతా సాయంత్రం మీదే ఉంది. ఎవరు ముందు వస్తారు, ఏం మాట్లాడాలి అనుకుంటున్నాను. పెద్ద బొమ్మ ఫ్రేము తుడిచాను. అడుగున ఒండ్రు కనిపించింది. గుడ్డ ముంచుతూ, పిండుతూ, కింద నుంచి పైకి, చిన్నప్పటి నుంచీ తుడిచినట్టే తుడుస్తూ పోయాను. గుడ్డ మళ్ళీ ముంచబోతే బకెట్లో నీళ్ళు గోదావరి రంగులోకి తిరిగి ఉన్నాయి. అప్పుడు తలెత్తి చూశాను. నీటి గీత కింద తెల్లటి కాన్వాసు, అక్కడక్కడ మరకలు.

ఫ్యాను ఆ వైపు తిప్పి ఆరబెట్టాను. బకెట్టు పారబోశాను.

టీచరుగారు ఆ పెద్దమనిషితో మెట్లెక్కి వచ్చి ఆగిపోయారు. "మట్టేదండి?"

"రాలిపోయిందండి, టీచరుగారూ. మీరెళ్ళాక పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. ఊడ్చేశాను."

నా మాట మీద ఆవిడకి అనుమానం రాలేదు. ఎన్నో పటాలు బాగుచేసిన చేతులు కదా మావి. కాన్వాసు మీద వేలు ఆనించి, "నా జిగురే చాల్లేదన్నమాట," అన్నారు.

పెద్దమనిషి మర్యాదగానే చెప్పారు. "అద్భుతమైన ఆలోచనమ్మా. కానీ కొన్నవాళ్ళింట్లో రాలిపోయే బొమ్మని నేనెలా అమ్మను? ఆయిల్ కలర్స్‌లో వెయ్యండి, చూద్దాం."

అయినా ఆ సాయంత్రం జాతరే. డాక్టర్లు, లెక్చరర్లు, కాగితం మిల్లు ఆఫీసర్లు, పాఠశాల పిల్లల తల్లిదండ్రులతో మేడ నిండిపోయింది. చిన్న బొమ్మల పక్కన బొట్టుబిళ్ళలు ఒక్కొక్కటే పడుతుంటే నాన్నగారు చిన్నపిల్లాడిలా లెక్కపెట్టుకున్నారు. పెద్ద బొమ్మ గురించి అడిగినవాళ్ళందరికీ రాలిందనే చెప్పాను. చెప్పిన కొద్దీ నాకే నిజంలా అనిపించసాగింది. నేను తుడవకపోయినా ఎలాగూ రాలిపోయేదే అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

టీచరుగారు ఒండ్రు మానేశారు. కొన్న రంగులతో తెరచాప పడవలు, సంధ్యవేళ గోదావరి వేశారు. అవి చక్కగా అమ్ముడయ్యాయి. మా గ్యాలరీ నిలబడింది ఆ పడవల మీదే. మద్రాసాయనకి ఆయిల్ కలర్స్ బొమ్మలూ చూపించారట. "ఇలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయమ్మా," అన్నారట.

తర్వాత ఎనిమిదేళ్ళకి, వెనకగదిలో పడున్న ఆ పెద్ద బొమ్మ ఫ్రేముకి చెద పట్టింది. ఊడదీశాను. ఫ్రేము అంచు బొమ్మ మీదికి వేలెడు మేర కప్పుతుంది. ఆ అంచు కింద నా గుడ్డ వెళ్ళలేదు. అక్కడ ఒండ్రు వేసింది వేసినట్టే ఉంది. బొటనవేలితో గీకాను. గోరు విరిగింది గానీ మట్టి ఊడలేదు. నాకు నేను చెప్పుకున్న సాకు కూడా అక్కడితో పోయింది.

ఆ బొమ్మని రిక్షాలో వేయించుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. వరండాలోనే జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆవిడ అంచు మీద ఒండ్రుని వేలితో నొక్కారు. తట్టారు. దగ్గరగా చెవి పెట్టి మళ్ళీ తట్టారు.

"తడిగుడ్డతోనా తుడిచారు?"

"అవునండి."

"తుమ్మజిగురు నీళ్ళకే కరుగుతుంది. పొడిగుడ్డకి లొంగేది కాదు లెండి," అన్నారు. మొహంలో ఒక వెలుగు వచ్చింది. మరుక్షణమే కోపం. "ఎనిమిదేళ్ళు నాచేత పడవలు వేయించారండి మీరు. ఒక్కో పడవా వేస్తుంటే ఏమనుకునేదాన్నో తెలుసా? చేతకానిదానికి ఇదే ఎక్కువ అనుకునేదాన్ని."

"క్షమించమని అడగడానికే వచ్చానండి."

"ఇక్కడ అడిగితే ఎవరికి వినపడుతుందండి? ఎవరి ముందు రాలిందన్నారో వాళ్ళ ముందు చెప్పండి. క్షమించడం సంగతి తర్వాత."

ఆ ఏడు వరద తీయగానే ఆవిడ లంకకి వెళ్ళి బస్తాల్లో ఒండ్రు తెచ్చారు. బడి వదలగానే ఇంటి పెరట్లో పని మొదలయ్యేది. నేను వెళ్తే నా చేతికి జల్లెడ ఇచ్చేవారు గానీ క్షమించానన్న మాట అనేవారు కాదు. గోడలు ఒకదాని వెంట ఒకటి తయారవుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. అంత బాగున్నాయవి. నా వృత్తిలో నేర్చుకున్నది అప్పుడే నేర్చుకున్నాను. అలవాటైన చేతిని కొత్త వస్తువు ముందు ఒక్క క్షణం ఆపాలి. చెయ్యి తప్పు చేసినా నోరు దానికి వంత పాడకూడదు.

ప్రదర్శన మళ్ళీ అదే మేడ మీద. పాతవాళ్ళందరినీ ఇళ్ళకి వెళ్ళి పిలిచాను. మద్రాసు పెద్దమనిషికి ట్రంకాల్ చేస్తే ఆయనా వచ్చారు. మేడ నిండింది, మెట్లూ నిండాయి. జనం గోడల దగ్గరికి ఉరకబోతుంటే టీచరుగారు నా వైపు చూశారు. నేను ముందుకొచ్చి చేతులు జోడించాను.

"బొమ్మలు చూసేముందు ఒక్క మాటండి. మొదటి ప్రదర్శనలో టీచరుగారి మట్టి రాలిపోయిందని మీ అందరికీ చెప్పాను. అబద్ధమండి. తడిగుడ్డతో తుడిచేసింది నేను. భయపడి ఆవిడ పనితనం మీదికి తోసేశాను. టీచరుగారూ, తప్పు నాదండి. నన్ను క్షమించండి."