కెప్టెన్ అడిగిన ఒక్క ప్రశ్న

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. డాక్టర్ని. చావు తర్వాత ఏముంటుందని ఎవరైనా అడిగితే, డెత్ సర్టిఫికెట్ ఉంటుందని చెప్పేదాన్ని.

ఎనభైల మొదట్లో ఒహాయోలో ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్తుండేదాన్ని. అక్కడ మిసెస్ హార్పర్ అనే తొంభై దాటిన ఇంగ్లీషావిడ ఉండేది. విక్టోరియా రాణి కాలంలో వాళ్ల నాన్న బ్రిటిష్ నౌకాదళంలో కెప్టెన్. నేను వెళ్లినప్పుడల్లా ఆయన కథే చెప్పేది.

చిన్నతనంలోనే ఓడెక్కాడట. ఆఫ్రికా తీరంలో బానిసల్ని తరలించే ఓడల్ని వెంటాడి పట్టుకున్నాడు. ఒక్కో మెట్టూ ఎక్కి కెప్టెన్ అయ్యాక, సొంత కొడుకుని కూడా తన ఓడలోనే కేడెట్‌గా చేర్చుకున్నాడు.

ఒకసారి తుఫానులో మరో ఓడ మునిగిపోతుంటే, జనాన్ని కాపాడమని పడవ దించాడు. ఆ పడవలో కొడుకు ఉన్నాడు. పడవ కనిపించకుండా పోయింది. వందల మందితో తన ఓడ రాళ్ల మీదికి కొట్టుకుపోతోంది. ఆయన ఆగలేదు. ఓడ తిప్పేశాడు.

విచారణలో ఆయన చేసింది సరైన పనే అన్నారు. పతకం ఇచ్చారు. చివరికి అడ్మిరల్ని చేశారు. ఇంట్లో మాత్రం భార్య చనిపోయేదాకా ఆయనతో మాట్లాడలేదట.

కొన్నాళ్లకి మిసెస్ హార్పర్‌కి స్ట్రోక్ వచ్చి మాట పడిపోయింది. ఒక మధ్యాహ్నం ఆవిడ గదిలోకి వెళ్తే, మంచం పక్కన నీలం కోటులో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. కోటు నుంచి నీళ్లు కారుతున్నాయి. బయట ఎండ కాస్తోంది. చుట్టమేమో అనుకున్నాను.

ఆయన నావైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"పడవ తిరిగొచ్చిందా?"

దివిసీమలో టీచరుగా చేసే మా తమ్ముడు డెబ్బై ఏడు ఉప్పెనలో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. ఆ తర్వాత ట్రంక్‌కాల్ చేసినప్పుడల్లా మా అమ్మ, "వాడి కబురేమైనా తెలిసిందా అమ్మా?" అని అమెరికాలో ఉన్న నన్ను అడిగేది. లేదని చెప్పలేక వాతావరణం సంగతులు మాట్లాడేదాన్ని.

"వచ్చింది. అందరూ క్షేమం," అన్నాను.

ఆయన రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. అప్పుడే మంచం మీద ఊపిరి ఆగినట్టనిపించి అటు తిరిగి నాడి చూశాను. ఆవిడ పోయింది. మళ్లీ ఇటు తిరిగితే కుర్చీ ఖాళీ.

కుర్చీ కింద నీళ్లున్నాయి. ఆరాక నేల మీద తెల్లగా ఉప్పు తేలింది. నర్సు కూడా చూసింది. అక్కణ్నించి సముద్రానికి కారులో ఒక పగలంతా పడుతుంది.

మా ఆయన ఇంజనీరు. అంతా విని, "బాగా టైర్డ్ అయ్యావు. ఇమాజిన్ చేసుకుని ఉంటావు," అన్నారు.

కాదనలేదు. కానీ అంత్యక్రియలకి వచ్చిన ఆవిడ మనవరాలిని, కెప్టెన్ ముత్తాతగారి చేతికేమైనా దెబ్బ తగిలిందా అని అడిగాను. బానిసల ఓడ మీద జరిగిన పోరులో రెండు వేళ్లు పోయాయంది. ఎడమ చెయ్యే. నాకెలా తెలుసని ఆమె అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

ఇప్పటికీ తోచదు. ఆ కోటు మాత్రం నా అరచేతికింద చల్లగా, తడిగా ఉంది. లోపల ఒక మనిషి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.