వాడేమీ అనుకోడు

అలాస్కా వెళ్దామన్న ఆలోచన నా రూమ్మేట్‌ది. వరంగల్ మనిషి. కార్ల కంపెనీలుండే ట్రాయ్ అనే ఊళ్లో నాలుగేళ్లు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. వందేళ్ల కిందట బంగారం కోసం మంచులో పడి నడిచిన వాళ్ల కథలంటే వాడికి పిచ్చి. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని అన్నం తింటూ చదివేవాడు, నేను వెక్కిరించేవాణ్ణి. కార్ల కంపెనీలు కుదేలైన ఏడాది వాడి ఉద్యోగం పోయింది. కొత్త కంపెనీ వేసిన వీసా పిటిషన్ ఇంకా పెండింగ్‌లో ఉంది. ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక ఈ ట్రిప్పు ప్లాన్ చేశాడు.

మేం నలుగురం. వాడూ నేనూ కాక, మా పక్క వీధిలో ఉండే అన్నయ్య, వదిన. చుట్టరికం ఏమీ లేదు. ట్రాయ్‌లో మాకంటే పదేళ్లు ముందొచ్చిన దంపతులు ఎవరైనా మాకు అన్నయ్యా వదినలే. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో పడకలూ పొయ్యీ ఉన్న క్యాంపర్ బండి అద్దెకు తీసుకున్నాం. డ్రైవింగ్ వాడే, వంటా వాడే. వదిన ప్రయాణమంతా కుక్కర్ మూత కూడా తీయలేదు.

వాడు పెట్టిన షరతు ఒక్కటే, కెనడా బోర్డర్ దాటకూడదు. పిటిషన్ తేలకుండా దేశం దాటితే వాణ్ణి మళ్లీ లోపలికి రానివ్వరు. మిగతా ముగ్గురికీ గ్రీన్ కార్డులున్నాయి. నాది వచ్చి మూడు నెలలే అయింది. అంతకుముందు ఆరేళ్లు పోస్టు డబ్బా తెరవాలంటేనే నాకు భయం. కాబట్టి వాడి భయం నాకు తెలియదని చెప్పుకునే వీలు లేదు.

మూడో రోజు చికెన్ అనే ఊరికి చేరాం. ఊరంటే ఒక బారు, ఒక దుకాణం, క్యాంపర్లు ఆపుకునే ఒక ఖాళీ స్థలం. ఫోన్ సిగ్నల్ లేదు. చికెన్‌కొచ్చి పప్పన్నం తింటున్నామని అన్నయ్య పొద్దుట్నుంచీ అదే జోకు వేస్తున్నాడు. అక్కడే ఎవరో చెప్పారు, ఇంకో వంద మైళ్లు పోతే కెనడా వైపు అసలైన బంగారం ఊరు, డాసన్, ఉందని.

“ఇంత దూరం వచ్చి అది చూడకుండా పోతామా?” అంది వదిన.

వాడు నా వైపు చూశాడు. నేను వద్దంటే ఆగిపోయేది. అన్నయ్యకు ఎటైనా ఒకటే, వదిన ఒక పూట అలిగేది, అంతే. నేను అన్నాను, “ఒక్క రోజే కదరా. సాయంత్రానికి వచ్చేస్తాంగా.”

“సరే, పోయి రాండ్రి,” అన్నాడు వాడు. “నేను గీడనే ఉంట.”

దించుకున్న సామాను ఒక టెంటు, ఒక మడత కుర్చీ, బ్రెడ్డు, ఆవకాయ సీసా. మాకేమో వాడి మ్యాపులిచ్చాడు. డాసన్‌లో ఏ వీధి చూడాలో, ఏ వాగు దగ్గర ఆగాలో నెలల కిందటే పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాడు. వాడు వెళ్లలేని ఊరికి మాకు దారి చెప్పాడు. “రాత్రి ఎనిమిదికి బోర్డర్ గేట్ బంద్ చేస్తరు. అయిదుకల్లా బయలెల్లుండ్రి. ఆ రోడ్డుకు రెయిలింగ్ లేదు, మెల్లగ నడుపు,” అని నాకు రెండుసార్లు చెప్పాడు.

డాసన్ నిజంగానే బాగుంది. వాడి గుర్తుల ప్రకారమే తిరిగాం. అయిదవుతుంటే అన్నయ్య వాచీ చూసుకున్నాడు. వదిన డాన్సు షో చూద్దామంది. పొద్దుపోయాక మొదలవుతుందట.

“మరి అతను?” అన్నాడు అన్నయ్య.

“వాడేమీ అనుకోడులెండి,” అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. నిజం చెప్పాలంటే, ఆ రోజంతా నాకు హాయిగా ఉంది. నా జేబులో కార్డుంది, గేటు దగ్గర ఆఫీసరు దాన్ని చూసి తలాడించాడు, నేను దాటాను. ఆ సుఖాన్ని ఇంకో పూట సాగదీయాలనిపించింది. వాడు అవతల ఉన్నాడు కాబట్టే ఆ సుఖం అంత తియ్యగా ఉందేమో కూడా.

మర్నాడు మధ్యాహ్నం చికెన్‌లో దిగాం. వాడు రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. పరిగెత్తుకొచ్చి నన్ను కావలించుకున్నాడు. వెనకే దుకాణం నడిపే ముసలామె వచ్చి అంతా చెప్పింది. బోర్డర్ వైపు నుంచి వచ్చిన ప్రతి బండినీ ఆపి మా గురించి అడిగాడట. ఎనిమిది దాటాక ఎవరినో బతిమాలి వాళ్ల ట్రక్కులో గేటు దాకా వెళ్లాడట. దారి పొడుగునా ఆపించి లోయల్లోకి తొంగి చూశాడట. గేటు మూసి ఉంటే ఇవతలే కాసేపు నిలబడి తిరిగొచ్చాడట. మమ్మల్ని తిట్టుకుంటూ కూర్చుని ఉంటాడనుకున్నాను. వాడు మా శవాలు వెతికాడు.

“ఏమైందిరా?” అన్నాడు.

అన్నయ్య నేల చూస్తున్నాడు. “టైరు పోయిందిరా,” అన్నాను.

“ఏది?”

“వెనకది. ఎడమ వైపు.”

వెంటనే వెళ్లి దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ట్రాయ్‌లో వాడు చేసిన ఉద్యోగమే చక్రాలూ బ్రేకులూ పరీక్షించడం. మిగతా టైర్ల మీద ఎంత బురద ఉందో దాని మీదా అంతే ఉంది. నట్ల మీద బురద ఎండి పెచ్చు కట్టింది. ఆ నట్లు ఎవరూ విప్పలేదని చెప్పడానికి ఇంజనీరే అక్కర్లేదు. వాడు బొటనవేలితో ఒక నట్టు మీది బురద గీకాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

వాడు లేచి చేతులు ప్యాంటుకు తుడుచుకుని, నన్ను దాటుకుని వదిన దగ్గరికి వెళ్లాడు.

“సారీ వదినా. నేనే సరిగ చెక్ చేసి పంపాల్సుండె. మీకు తిప్పలైంది.”

“పర్లేదులే,” అంది వదిన, “నువ్వు మాత్రం ఏం చేస్తావు.”