ఎమ్మెక్స్ రికార్డు తుడిచేసిన రోజు

చౌటుప్పల్‌లో మాది అట్టపెట్టెల దుకాణం. చుట్టుపక్కల మందుల కంపెనీలకు ప్యాకింగ్ డబ్బాలు చేసి ఇస్తాం. మా ఇంట్లో పిల్లలకు మాటల కంటే ముందు బేరం వస్తుంది. నేనైతే బస్సు కండక్టరుతో కూడా టికెట్ బేరమాడి తిట్లు తిన్న మనిషిని.

అలాగే బేరమాడి మా దుకాణం వెబ్‌సైటును, దాన్ని నెట్‌లో ఉంచే పాత కంపెనీ నుంచి ఇంకో చౌక కంపెనీకి మార్చాను. సైటు తయారుచేసిన అమ్మాయి నల్లగొండలో ఉంటుంది. "అన్నా, డొమైన్ పేజీల 'ఏ' రికార్డు అని ఒక్క లైన్ ఉంటది. దాంట్ల పాత సర్వర్ నంబర్ తీసి కొత్తది పెట్టు, అంతే," అని ఫోన్‌లో చెప్పింది.

మార్చాను. దాని కింద ఇంకా చాలా లైన్లున్నాయి. సీనేమ్, ఎమ్మెక్స్, టెక్స్‌ట్ అని. అన్నింటి మీదా మా పేరే, పక్కన మాత్రం ఎవరివో తెలియని అడ్రసులు. మా వాళ్లు కిరాయి దుకాణం మల్గి ఖాళీ చేసేటప్పుడు గోడకు మేకు కూడా వదలరు. మన పేరున్న బోర్డు ముక్క అక్కడ మిగిలినా గిరాకీ అటే పోతుందని భయం. ఇదంతా పాత కంపెనీలో మిగిలిన సామాను అనుకుని నేనూ ఒక్కొక్కటే తుడిచేశాను. సైటు కొత్త చోట చక్కగా తెరుచుకుంది. బాపుకు చూపించి మురిసిపోయాను.

మరునాడు మధ్యాహ్నం, బాపు గల్లా దగ్గర కునుకు తీస్తుండగా, ఒక మందుల కంపెనీ కొనుగోళ్ల సారు ఫోన్ చేశాడు. ఏడాది పొడుగునా డబ్బాలు ఇచ్చే ఆర్డరు ఆయన చేతిలో ఉంది. ఆ ఆశతోనే కొత్త కటింగ్ మిషన్ కూడా కొన్నాం.

"ఏమయ్యా, దుకాణం బంద్ జేసినవా? రేటు లెటర్ పంపితే మెయిల్ వాపస్ వస్తాంది."

"లేదు సార్, దుకాణంలనే ఉన్న. జర వాట్సాప్‌ల పెట్టుండ్రి."

"గది మా దగ్గర నడ్వది. రిజిస్టరైన మెయిల్‌కే పంపాలె, దాన్నుంచే జవాబు రావాలె. సాయంత్రం దాకా మల్ల పంపి చూస్త. లేకుంటే ఇంకోళ్లకిస్త."

వెంటనే సైటు చేసిన అమ్మాయికి ఫోన్ కలిపి, మిగతా లైన్లు తుడిచేసిన సంగతి చెప్పాను.

"ఎమ్మెక్స్ గూడ తీసినవా అన్నా?" అంది. ఆమె గొంతు తగ్గేసరికి నాకు ఇంకా భయమేసింది.

"గవన్ని పాత కంపెనీవి గావా చెల్లె?"

"గావన్నా. మీ మెయిల్ వేరే కంపెనీల ఉన్నది. మెయిల్ యాడ దించాల్నో చెప్పేది ఎమ్మెక్స్. అది లేకుంటే మెయిల్ 'ఏ' రికార్డు చూపిన కాడికే పోతది. గాడ సైటే ఉన్నది, మెయిల్ తీసుకునేటోడు లేడు. గందుకే వాపస్."

"మరి టెక్స్‌ట్?"

"మీ పేరు మీద మెయిల్ ఎవలు పంపొచ్చో గాడ రాసి ఉంటది. అది లేకుంటే నువ్వు జవాబిచ్చినా దొంగ మెయిలని పక్కకు పడేస్తరు."

"సీనేమ్?"

"గది సైటుకు మారుపేరు. దాని ముచ్చట తర్వాత. ముందుగాల ఎమ్మెక్స్ పెట్టు!"

ఆమె చెబుతూ పోయింది, నేను కొడుతూ పోయాను. అన్నీ మళ్లీ పెట్టాక "అయిపోయిందా?" అని అడిగాను.

"పెట్టుడైతే అయింది. కానీ ఎమ్మెక్స్ లేదన్న ముందటి జవాబు యాదికి పెట్టుకున్న సర్వర్లు ఇంకా గదే నమ్ముతయి. దానికో గడువుంటది, టీటీఎల్ అంటరు. అది తీరేదాక ఆగాలె. గంట కావచ్చు, ఇంకెక్కువ కావచ్చు."

"జర తగ్గియ్యరాదు చెల్లె!"

"నాతోని బేరమేందన్నా? గది నా చేతుల లేదు."

ఆ అమ్మాయి పరీక్షకు పంపిన మెయిల్ నాకు అందింది. కంపెనీది రాలేదు. సారుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. హైవే మీద కంపెనీ వైపు పోయే ప్రతి టెంపోలోనూ వేరేవాళ్ల అట్టపెట్టెలే ఉన్నాయనిపించింది. ఇంకా ప్లాస్టిక్ కూడా విప్పని మిషన్ వైపు చూడలేక వీపు తిప్పి కూర్చున్నాను. బాపు లేచి, "మొఖం గట్ల మాడిందేందిరా?" అంటే నెట్ బాగాలేదన్నాను.

ఎండ వాలాక వచ్చింది రేటు లెటరు. మేం అడిగినదానికి బాగా తక్కువ. ఇంకో రోజైతే వారం దాకా బేరం లాగేవాడిని. ఆ సాయంత్రం మాత్రం చదివీ చదవకుండానే 'ఒప్పుకుంటున్నాం' అని కొట్టి పంపాను. అది చేరిందో లేదోనని మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి సారు ఫోనెత్తి "ముట్టింది" అన్నాడు.

వెనక నిలబడి చదువుతున్న బాపు నా భుజం పట్టుకున్నాడు.

"ఒక్క మాట గూడ అడగకుండ ఒప్పుకున్నవా?"

"ఒప్పుకున్న బాపు."

నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "పానం బాగలేదారా? దవాఖానకు పోదాం పా," అన్నాడు.