ఉప్పు నీళ్లలో గ్యాస్

భూపాలపల్లిలో నాది ల్యాబ్ ఉద్యోగం. బొగ్గు పొరలకన్నా లోతున ఉప్పునీళ్లు పట్టిన రాళ్లుంటాయి. పొగగొట్టాల్లోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఆ నీళ్లలోకి పంపితే కరిగి అక్కడే ఉంటుందా అని చూస్తున్నాం. ఉక్కు పాత్రలో ఉప్పునీళ్లు పోసి, ఒత్తిడితో గ్యాస్ ఎక్కించి, ఎంత కరిగిందో కొలవడం నా పని.

మంచినీళ్లతో బాగానే కరిగింది. ఉప్పునీళ్లు పోసేసరికి తగ్గింది. ఉప్పు ఉంటే తగ్గుతుందని పుస్తకంలో చదివాను గానీ, ఇంతగా తగ్గుతుందనుకోలేదు. లీకేజీ అనుకుని మూడు రోజులు నట్లు బిగించాను, వాషర్లు మార్చాను, ఎదురైన వాళ్లందరి మీదా అరిచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆ చిరాకంతా ఫోన్లో బాపు మీద కక్కాను. ఆయన రఘునాథపల్లిలో గోళీసోడా కొట్టేవాడు.

"ఉప్పేసినవా బిడ్డా?"

"ఏసిన."

"గట్లయితే మిషన్‌ను తిట్టకు. ఉప్పు నిండినంక గ్యాసుకు జాగ ఏడుంటది? నేను సీసల ఉప్పెయ్యంగ ఎన్నడన్న సూసినవా?"

చూడలేదు. ఎవరైనా ఉప్పుసోడా అడిగితే సోడా గ్లాసులో పోశాకే చిటికెడు ఉప్పు వేసేవాడు. అది రుచి కోసమనుకున్నాను, ఇంత చదువూ చదివి.

"ఇంతకు మీ సోడా ఎవలు తాగుతరు?"

"ఎవలు తాగరు బాపూ. భూమిలనే ఉంటది."

"మల్ల పైకి తన్నుకొని రాదా? ఆయితారం వచ్చి జర సమజ్ చెయ్యి."

వస్తానన్నాను. ఆ ఆదివారం పోలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా ల్యాబ్‌లో పనుందన్నాను. నిజానికి పనేమీ లేదు. మూడో వారం గుండెపోటుతో బాపు పోయాడు.

గ్యాస్ కరిగిన నీళ్లు కాస్త బరువెక్కి కిందికే దిగుతాయి బాపూ, పైకి రావు. ఇంత చిన్న జవాబు. ఫోన్లోనైనా చెప్పి ఉండాల్సింది.

దినాలయ్యాక అమ్మ రెండు సోడాసీసాలు తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వొస్తనన్న ఆయితారం పొద్దుగాలనే కొట్టి పెట్టిండు. ఎర్రదారం కట్టింది ఉప్పేసి కొట్టింది. రెండు నీ ముంగట గోళీ నొక్కి ఫరక్ సూపిస్తనన్నడు. ఎవ్వల్ని ముట్టనియ్యలే."

రెండింటిలోనూ గోళీ మూతికి బిగుసుకునే ఉంది. నొక్కితే ఒక్క క్షణంలో తేడా తెలుస్తుంది. కానీ బాపు చేత్తో ఎక్కించిన గ్యాస్ ఇక ఈ రెండు సీసాల్లోనే మిగిలింది. నాకు నొక్కబుద్ధి కాలేదు.