జానెడు పక్కన పడిన రాయి

మా కాలంలో రాయి విసరడం కూడా ఒక చదువే అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. నవ్విన వాళ్ల మొహాలన్నీ నాకు గుర్తుంటాయి. ఆ రోజుల్లో కరీంనగర్ వైపు గుట్టల కింద గొర్లు కాసే ఇంట్లో పుట్టినవాడికి పలక కంటే ముందు వడిసెల చేతికొచ్చేది. నాకు ఆరో ఏట మా తాత జనపనార పేని, మధ్యలో రాయి కూర్చునేంత అల్లిక వేసి చేసిచ్చాడు. పొద్దంతా మంద వెనక తిరగడం, కోతలైన చేలలో కుక్కలతో కుందేళ్లను తరమడం, కౌజు పిట్టల కోసం పొద చాటున ఊపిరి బిగబట్టి కూర్చోవడం, ఇదే మా బడి. (కుందేలు దొరికితే కుక్కను తోలినవాడికి తొడ, పొద లేపినవాడికి తల. నాకెప్పుడూ తలే వచ్చేది. ప్రతిసారీ పొద లేపే పని నాకే ఎందుకు పెట్టాడో మా పెదనాన్న ఇప్పటికీ జవాబు చెప్పలేదు.)

అన్నిటికంటే పెద్ద పాఠం డేగది. అప్పుడే ఈనిన గొర్రె పక్కన పిల్ల తడిగా పడి ఉన్నప్పుడో, వాకిట్లో కోడిపిల్లలు తిరుగుతున్నప్పుడో పైనుంచి డేగ దిగేది. దిగిందంటే ఆలోచించే తీరిక ఉండదు, వడిసెల తిరగాలి, గొంతు లేవాలి. తాత పెట్టిన షరతు ఒకటే. "డేగను కొట్టకు బిడ్డా. జానెడు పక్కకు కొట్టు. బెదిరి పోతది. దానికి గూడ పిల్లలుంటయి." డేగకు రాయి తగిలిన రోజు తాత చెయ్యి నాకు తగిలేది. కాబట్టి జానెడు అంటే జానెడే, వేలెడు ఎక్కువ కాదు, తక్కువ కాదు. (ఈ జానెడును గుర్తుపెట్టుకోండి. నా తగాదా అంతా దాని గురించే.)

తొంభైల్లో, నాకు ఇరవై ఒకటో ఏడు నడుస్తుండగా, తాత సగం మంద అమ్మి నన్ను ఖతార్ పంపాడు. (ఊళ్లో మాత్రం "దుబాయ్ పోయిండు" అనే చెప్పుకున్నారు.) అల్ షహానియాలో ఒక అర్బాబ్‌కు, అంటే యజమానికి, పెద్ద ఇజ్బా ఉంది, పశువుల దొడ్డి అన్నమాట. అందులో మేకల కాపరి పని అన్నారు. దిగాక చూస్తే మేకలకు ఇద్దరు సూడాన్ మనుషులు ముందునుంచే ఉన్నారు. నాకు దక్కింది నీళ్ల ట్యాంకులు కడగడం, గడ్డి కట్టలు మోయడం. పుట్టిన దగ్గర్నుంచి మందలో పెరిగినవాణ్ణి, పక్కనే మేకలు అరుస్తుంటే చీపురు పట్టుకుని ట్యాంకులోకి దిగేవాణ్ణి. అవి కూడా నన్ను చూసి జాలిపడేవని నా అనుమానం.

నా మొరలన్నీ అర్బాబ్‌కు చేరాల్సింది ఒకే నోటి గుండా. మదీనత్ ఖలీఫాలో అర్బాబ్ ఇంటి కారు నడిపే డ్రైవరన్నది కడప వైపు. అరబ్బీ ధారాళంగా మాట్లాడేవాడు. శుక్రవారం శుక్రవారం అర్బాబ్‌ను ఇజ్బాకు తీసుకొచ్చేవాడు. "అన్నా, పెద్ద ట్యాంకు కారుతుంది. కింద మడుగైంది. జెర చెప్పరాదే" అని మూడు నెలలు మొత్తుకున్నాను. "అబ్బబ్బ, నీతో యాగలేనప్పా! కారితే కారనీ. ఎడారికేమన్నా జలుబు జేస్తాదా?" అనేవాడు. మడుగు మాత్రం వారం వారం పెద్దదవుతూనే ఉంది.

ఆ చలికాలం మొదట్లో అర్బాబ్‌కు కొత్త వేట డేగ ఒకటి వచ్చింది. దానికి ఏసీ గది ఇచ్చారు. మా రేకుల గదిలో ఒకటే ఫ్యాను, అది ఒక వైపే తిరిగేది, నా మంచం రెండో వైపు. డేగకు వేట నేర్పడానికి ఒక బలూచీ పెద్దాయన ఉండేవాడు, అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. నెలరోజులుగా దాని కాలికి తాడు కట్టి దూరంగా మైదానంలో ఎగరేస్తున్నాడు. నేను ఎప్పుడు చూసినా అది కళ్లకు తోలు టోపీ పెట్టుకుని, అరుగు మీద ముసలమ్మలా కదలకుండా కూర్చుని ఉండేది. తాడు విప్పి, ఒక పావురాన్ని ఎరగా వదిలి, మొదటిసారి స్వేచ్ఛగా ఎగరేసేది ఆ శుక్రవారమేనని ఇజ్బాలో అందరికీ తెలుసు. నాకు తప్ప. నాకు ఎవరూ చెప్పలేదు. ఈ మాట నేను ఎన్నిసార్లయినా చెబుతాను.

ఆ పొద్దున గడ్డి కట్ట దించి నడుం పట్టుకుని నిలబడ్డానో లేదో, మేకపిల్లల దొడ్డి అవతల ఒక తెల్ల పావురం దిగింది. దాని మీదికి ఆకాశం నుంచి డేగ దిగింది. గడ్డివాము అవతల అర్బాబ్, ఉస్తాద్, డ్రైవరన్న నిలబడి ఉన్నారని నాకెలా తెలుస్తుంది? నాకు కనబడింది డేగ, మేకపిల్లలు. అంతే. మొలలో దాణా బస్తా తాళ్లతో పేనుకున్న వడిసెల ఉంది. "హోయ్! హోయ్!" అని మా గుట్టలు మోగినట్టు అరిచి వదిలాను. రాయి డేగ ముక్కుకు సరిగ్గా జానెడు దూరంలో గాలి చీల్చుకుంటూ పోయింది. డేగ బెదిరి పైకి లేచింది, ఒక చుట్టు తిరిగింది, కనబడకుండా పోయింది. పావురం నా వైపు ఒకసారి చూసి (కృతజ్ఞతతోనే) నింపాదిగా నడుచుకుంటూ గడ్డి కిందికి దూరింది.

నేను చేతులు దులుపుకుంటుండగా వాము చాటు నుంచి ముగ్గురూ బయటికొచ్చారు. ఉస్తాద్ నెత్తి మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. అర్బాబ్ మొహంలో రక్తం లేదు. డ్రైవరన్న పరుగున వచ్చి నాకూ ఆయనకూ మధ్య నిలబడి అరబ్బీలో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఐదు నెలల నా అరబ్బీకి నాలుగు మాటలు అందాయి. "మిస్కీన్" అన్నాడు, అంటే పాపం అమాయకుడని. "మాఫీ మాలూమ్" అన్నాడు, ఏమీ తెలీదని. తర్వాత చేతిని ఎటుపడితే అటు ఊపి, రాయి ఎక్కడో పడినట్టు చూపించాడు. అంటే నాకు రాయి విసరడం చేతకాదట! కొండను కొట్టమన్నా తప్పేవాణ్ణట! తాత నేర్పిన చేతిని పరాయి దేశంలో, పరాయి మనిషి ముందు పట్టుకుని!

"లా, అర్బాబ్!" అని అరిచాను. "అనా మాలూమ్! అనా కుల్లు మాలూమ్!" కాదు, నాకు తెలుసు, నాకంతా తెలుసు అని. డ్రైవరన్న నా కాలు తొక్కుతున్నాడు. "నోరు మూసుకోరా నాయనా, నోరు మూసుకో" అని పళ్ల మధ్య నుంచి అంటున్నాడు. నేను ఆగుతానా? పిడికిలిని డేగలా పట్టి, దాని పక్కన రెండో చేత్తో జానెడు కొలిచి చూపించాను. "ఇదర్! బరాబర్ ఇదర్ మారా!" అరబ్బీ చాలక హిందీలో, సరిగ్గా ఇక్కడే కొట్టానని.

అర్బాబ్ నా జానను చూశాడు. అంతసేపూ ఆయన కళ్లలో మిగిలి ఉన్న జాలి కాస్తా అప్పుడు పోయింది. "ఖలాస్," అన్నాడు. "బుక్రా బిలాద్." రేపే ఇంటికి.

మూడు బళ్లు ఎడారిలోకి డేగను వెతకడానికి పోయాయి. నేను అక్కడే నిలబడిపోయాను. సగం మంద అమ్మి పంపిన మనిషి ముందుకు ఐదు నెలలకే పోయి ఏం చెప్పాలి? డేగను అదిలించానని చెబితే, నువ్వు నేర్పినట్టే చేశానని చెబితే, ఆయన ఆ మిగిలిన సగం మంద వైపు చూస్తాడు తప్ప నన్ను ఒక్క మాట అనడు. అదే భయం. చివరికి చీపురు తీసుకుని పెద్ద ట్యాంకు వైపు నడిచాను. పని ఎగ్గొట్టి పోయాడన్న మాట కూడా ఎందుకు పడాలి?

సగం దూరంలో ఆగిపోయాను. ట్యాంకు కింది మడుగు దగ్గర ఎప్పుడూ పిచ్చుకల గోల, గువ్వల గోల. ఆ పూట ఒక్క చప్పుడు లేదు. గోడ మీద పిట్టలు ఈకలు అదుముకుని రాళ్లలా కూర్చున్నాయి. పామును చూస్తే పిట్టలు గగ్గోలు పెడతాయి, డేగ దగ్గర్లో ఉంటే ఇలా ఊపిరి బిగబడతాయి. అది నాకు గుట్టల్లోనే తెలుసు. వంగి చూశాను. ట్యాంకు నీడలో, మూడు నెలలుగా ఎవరూ పట్టించుకోని నా మడుగులో, డేగ పొట్ట దాకా దిగి, రెక్కలు తపతప కొడుతూ స్నానం చేస్తోంది!

కౌజుల కోసం కూర్చున్నట్టు అక్కడికక్కడే నెమ్మదిగా కూలబడ్డాను. నెత్తి మీది రుమాలు తీసి, ఎవరికైనా కనబడాలని పైకెత్తి పట్టుకున్నాను. చెయ్యి తిమ్మిరెక్కింది, మోకాళ్లు మొద్దుబారాయి, దించలేదు. ఎంతసేపటికో దూరం నుంచి ఉస్తాద్ చూశాడు. ఒక్కడే అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, తోలు తొడుగు చెయ్యి చాపి మాంసం ముక్క చూపించాడు. తడిసి బరువెక్కిన డేగ బుద్ధిమంతురాలిలా దాని మీదికెక్కింది. ఆయన దాని తలను ముద్దు పెట్టుకుని, అదే ఊపులో నా తలను కూడా ముద్దు పెట్టుకున్నాడు.

అర్బాబ్ వచ్చి డేగను చూశాడు, మడుగును చూశాడు, ఈ నీళ్లెక్కడివని అడిగాడు. డ్రైవరన్న మొదటిసారి నీళ్లు నమిలాడు. ఆ రోజు ఆయన తిన్న తిట్లు అరబ్బీలో ఉన్నా నాకు ప్రతి మాటా అర్థమైంది. చివరికి అర్బాబ్ నా వైపు తిరిగి "మాఫీ బిలాద్" అన్నాడు, ఇంటికి పోవడం లేదని. మరుసటి వారం నుంచి నన్ను మేకల్లో కలిపాడు. వడిసెల మాత్రం తీసుకుని తన కారులో పెట్టుకున్నాడు.

అలా నా గురిని రుజువు చేసుకునే దారి లేకుండా పోయింది. డ్రైవరన్న నోటికి మాత్రం ఎవరు అడ్డం? ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల్లో మన తెలుగువాళ్లు ఎక్కడ కూడినా అదే కథ. "మావాడు డేగను కొట్టబోయి తప్పినాడప్పా!" ఆ తర్వాత ఎవరూ నాకు బిస్కెట్ పొట్లం కూడా విసిరేవాళ్లు కాదు. "వద్దు, చేతికియ్యండి. గురి తప్పుతడు" అని నిజామాబాద్ వాళ్లు కూడా నవ్వేవాళ్లు. పదకొండేళ్లు చేతికే తీసుకున్నాను.

మొన్న నా కొడుకు పెళ్లికి పిలవడానికి కడప వైపు పోయాను. డ్రైవరన్నకు జుట్టు లేదు, పళ్లు తక్కువ, నోరు మాత్రం అలాగే ఉంది. కాఫీ తాగకుండానే అడిగేశాను. "అన్నా, ఇన్నేండ్లయింది. నేను తప్పలేదని ఒక్కసారి ఒప్పుకోరాదే?"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఒరే పిచ్చోడా, కావాలనే కొట్నాడని నేను చెప్పింటే ఆ పొద్దే నిన్ను ఇమానం ఎక్కించేవాళ్లు గదరా. చేతగానోడు, తప్పినాడు, వదిలెయ్ అని నేను బతిమాలతాంటే నువ్వు మద్దెలో దూరి జానె చూపిస్తివి!"

ఇన్నేళ్లు మోసిన కోపాన్ని ఎక్కడ దించాలో తోచలేదు. అయినా మొండితనం ఊరుకోదు కదా. భుజం మీది తువ్వాలు తీసి, మడతలో గులకరాయి పెట్టి, "ఆ ప్రహరీ మీద టెంకాయ చిప్ప పెట్టు" అన్నాను. నవ్వుతూ పెట్టాడు. తిప్పి వదిలాను. భుజం కలుక్కుమంది. రాయి గోడకు తగిలి సున్నం రాలింది. చిప్ప కదల్లేదు.

"ఏమప్పా, ఇది గూడా కావాలనే పక్కకేసినావా?"

"ఔనన్నా. జానెడు. కావాలంటే కొలుచుకో."

ఆయన నిజంగానే మోకాళ్లు పట్టుకుని లేచి, గోడ దగ్గరికి పోయి, చిప్ప నుంచి సున్నం రాలిన చోటి దాకా జానలు పరుస్తూ కొలిచాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నేనూ నిలబడ్డచోటి నుంచే లెక్కపెడుతున్నాను. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, నా మొహంలోకి చూశాడు.

"ఒకటేనప్పా," అన్నాడు.