మా అత్త కూర్చున్న తీరు

మా మేనత్త పోయింది. ఆ మాట ఫోనులో వినేటప్పటికి నేను నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కోసమే నిలబడి ఉన్నాను. ఆదివారం కదా, ఆమె దగ్గరికే పోతున్నాను. ఫోను సంచిలో వేసుకుని అదే బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. దొరికినందుకు సంతోషించాను కూడా.

ఇల్లు చేరేసరికి ఆమెను చాప మీద పడుకోబెట్టారు. చేతులు రెండూ సమానంగా, కాళ్లు రెండూ సమానంగా. అందరూ ఏడుస్తున్నారు. నేను ఆమె భుజాల కేసి చూస్తూ నిలబడ్డాను. ఒంటి బరువు ఒక పక్కకు కాకుండా అంతటా ఒకేలా నేల మీద పడి ఉంది. బతికుండగా ఆమె అట్లా ఎప్పుడూ లేదు.

ఇట్లాంటివి చూసే అలవాటు నాకెట్లా వచ్చిందో మీకు చెప్పాలి. డిగ్రీ అయ్యాక ఏ పనిలోనూ నిలవలేక మనుషుల బొమ్మలు గీయడం మొదలుపెట్టాను. ఫోనులో ఒక గ్రూపు ఉంది. ఎక్కడెక్కడి వాళ్లో తాము గీసినవి పెడతారు, మిగతావాళ్లు తప్పులు చెబుతారు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీయమని అక్కడ అందరూ పోరు పెట్టేవాళ్లు. మా ఇంట్లో కూర్చునేదెవరు? మా నాయన కూర్చోగానే నిద్రపోతాడు. ఆళ్లగడ్డలో అత్త ఒక్కతే సరేనంది. మామ పొద్దంతా పొలంలో ఉంటాడు, ఆమెకు మాటకు మనిషి కావాలి.

మొదటిసారి ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, ఆధార్ ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చుంది. గీసి గ్రూపులో పెట్టాను. కొయ్యబొమ్మలా ఉందన్నారు, వెన్నులో వంపు లేదన్నారు, మోచేయి గాల్లో వేలాడుతోందన్నారు. మళ్లీ వారం పోయేసరికి అత్త గడపలోనే అడిగింది, మీవాళ్లేమంటాండారని. చదివి చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"అంటే నేను సరిగ్గా కూచోల్యా అనేనా?"

తప్పు నా గీతది అత్తా, నీది కాదు అన్నాను. వినలేదు. అప్పటి నుంచి వాళ్లు నా గీతలో పట్టిన ప్రతి తప్పునూ ఆమె తన ఒంట్లో దిద్దుకునేది. మోచేయి తేలిందంటే మోకాలి మీద గట్టిగా ఆనించేది. మెడ పొడుగైందంటే భుజాల్లోకి దించుకునేది. ఒకసారి ఎవరో ఎడమ చేయి పొట్టిగా ఉందన్నారు. అత్త రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంది.

"యాడుంది పొట్టి? వచ్చి కొల్సుకోమను."

నవ్వుకోండి గానీ, నా చేయి తిరిగింది ఆ మొండితనం వల్లనే. ముందు బరువు ఎక్కడ పడుతోందో చూడు, కళ్లూ ముక్కూ తర్వాత అని గ్రూపులో ఒకాయన ఎప్పుడూ అనేవాడు. నేను దాన్నే పట్టుకున్నాను, ముఖం జోలికి పోలేదు. అత్త శనక్కాయలు ఒలుస్తుంటే, గోడకానుకుని కునుకుతుంటే, ఫోనులో కూతురితో కొట్లాడుతుంటే గీశాను. పోనుపోను బిగుసుకోవడం ఆమె కూడా మరిచిపోయింది. గ్రూపు మెచ్చుకున్న రోజు మాత్రం పక్కింటి అవ్వ దగ్గరికి పోయి, తను బాగా కూర్చున్నానని ఎవరెవరో అన్నారని చెప్పి వచ్చేది.

"నా మూతి ఎప్పుడేస్తావ్‌మే?" అని అడిగేది. చేయి కుదరనీ అత్తా అంటే, "కుదిరేలోపల పండ్లు ఊడతాయి," అనేది.

పదకొండో దినానికి పటం కావలసివచ్చింది. ఆమెకు సరైన ఫోటో ఒక్కటీ లేదు. వదిన, అంటే అత్త కూతురు, నన్నే గీయమంది. వాళ్లమ్మను నాకంటే ఎక్కువసేపు ఎవరు చూశారని ఆమె మాట. ఎవరి పెళ్లి ఫోటోలోనో మూలన నిలబడ్డ ఆమె ముఖాన్ని ఫోనులో పెద్దది చేసుకుని గీశాను. ఎవరిదో చెప్పకుండా గ్రూపులో పెట్టాను. దవడ కింద నీడ దిద్దమన్నారు, దిద్దాను. ఇప్పటిదాకా నువ్వు గీసినవాటిలో ఇదే మేలు అన్నారు. నిజమే, మేలుగానే ఉంది. నాకు ఇంకా ఏడుపు రాలేదు.

వదిన చాలాసేపు చూసింది.

"బాగేసినావు పాపా. మాయమ్మ మాత్రం కాదు."

అని నా బొమ్మల పుస్తకం లాక్కుని తిప్పింది. ఒక చోట ఆగింది. వసారా మెట్టు మీద అత్త, అటు తిరిగి కూర్చుని, ఒళ్లో ఏదో ఏరుకుంటోంది. వీపు, కొప్పు, ఒక పక్కకు ఒరిగిన నడుము. అంతే. వదిన దాన్ని పట్టుకుని ఏడ్చింది. అదే పటం కట్టించింది.

దినం రోజు దాన్ని గోడకానించి దండ వేశారు. వచ్చినవాళ్లు చూసి కొంచెం తడబడి, ఆమె ఏదో పనిలో ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడారు. పక్కింటి అవ్వ బొట్టు పెట్టడానికి వేలికి కుంకుమ అద్దుకుని, పటం అద్దం దాకా వంగి, ఆగిపోయింది.

"ముఖమేదే?"

"ఆ పక్కనుండాదవ్వా," అన్నాను.

అవ్వ తల ఊపింది. దండ జారకుండా ఒక చేత్తో పటాన్ని మెల్లగా తిప్పింది. వెనకనున్న ఉత్త అట్ట మీద, నుదురు ఉండాల్సిన ఎత్తు చూసుకుని, బొట్టు పెట్టింది. మళ్లీ తిప్పి గోడకానించింది.