పడమటి మూల

చివరి రోజు పొద్దున షూజెన్ తన భర్త దమింగ్ నూడుల్స్ గిన్నెలోంచి మిరపనూనె చెంచాతో తోడి తన గిన్నెలో పోసుకుంది.

"డాక్టరు వద్దన్నది నీకు, నాకు కాదు," అంది.

దమింగ్ గొణుక్కుంటూ తిన్నాడు. మధ్యాహ్నం కునుకు తీసిన షూజెన్ మళ్ళీ లేవలేదు.

చెంగ్డూలో సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి ఆమె. అరవై దాటాక పక్షవాతం వచ్చింది. తర్వాత ఎడమ కాలు కదిలేది గానీ, తనదని అనిపించేది కాదు. అది వెంట వచ్చిందో లేదో చూసుకుని మరీ ఇంకో అడుగు వేసేది. ఆ కాలు మళ్ళీ తనది కావాలని పార్కులో మెల్లగా కాళ్ళూ చేతులూ కదిపే తైచీ వ్యాయామం నేర్పే పూ మాస్టారి బృందంలో చేరింది.

"గాలికి సబ్బు రుద్దడానికి బయల్దేరావా?" అనేవాడు దమింగ్, పక్కనే టీకొట్టు వెదురు కుర్చీలో కూర్చుని పేక పంచుతూ.

"ముందు నీ ఆట చూసుకోవయ్యా. పంచేవాడివి నువ్వే, ఓడేవాడివీ నువ్వే!"

ఆ బృందానికో పద్ధతి ఉంది. కొత్తవాళ్ళు మధ్యలో, బాగా వచ్చినవాళ్ళు నాలుగు మూలల్లో నిలబడతారు. ఎటు తిరిగినా చూసి చేయడానికి ముందు ఒకరుంటారు. మధ్యలో నిలబడ్డ షూజెన్ మాత్రం ఎవరినీ చూడకుండా తన కాలునే చూసుకునేది.

"చూడకమ్మా, కాలేం పారిపోదు," అన్నారు మాస్టారు.

"పారిపోయినా బాగుండును మాస్టారూ, కదిలిందని తెలిసేది!"

అందరూ నవ్వారు. ఆయన ఊరుకోలేదు. "టైరులో గాలి తగ్గితే బస్సు దిగి చూసేదానివా?"

"దిగడమెందుకు? సీట్లో ఉండగానే నడుముకి తెలిసిపోయేది."

"మరి ఇక్కడా అలాగే తెలుసుకో."

ఆమె తలెత్తి నిలబడింది. బరువు మెల్లగా ఎడమకు జార్చింది. ముందు మడమ తెలిసింది, తర్వాత అరికాలు. చాలాసేపటికి, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు, చిటికెనవేలు. ఇంటికి రాగానే ఆ కాలితోనే దమింగ్ పాదం తొక్కింది.

"అబ్బా! కళ్ళు కనపడవూ?"

"నీకు నొప్పి పుట్టిందా? నాకు నీ ఎముకలు తగిలాయి!" అంటూ పడీ పడీ నవ్వింది.

కాలు పూర్తిగా బాగైందని ఊరంతా చెప్పుకుంది. దమింగ్ కూడా నమ్మాడు. మరుసటి ఏడు మాస్టారు ఆమెను పడమటి మూలలో నిలబెట్టారు.

"పాపం, ఇక అంతా తప్పులే నేర్చుకుంటారు," అన్నాడు దమింగ్.

ఆమె పోయాక, పేకాట మీద మనసు పోక, అతనే వెళ్ళి మధ్యలో నిలబడ్డాడు. పడమటికి తిరిగే చోట అందరూ ఒక్క ఊపిరి సేపు ఆగేవారు. తెలియక అతనొక్కడే ముందుకు తూలేవాడు. కొన్నాళ్ళకు ఆ ఆగడమూ ఒంటబట్టింది.

"ఇక్కడెందుకు ఆగాలి మాస్టారూ?" అని అడిగాడొక పొద్దున.

మాస్టారు నవ్వేశారు. "అసలు విద్యలో అది లేనే లేదయ్యా. ఎడమ కాలు పలికేదాకా మీ ఆవిడ అక్కడ ఆగేది. మూలమనిషి ఆగితే అందరూ ఆగాల్సిందే కదా. ఇప్పుడు నాకూ అదే అలవాటైంది."

"మొదట్లోనా?"

"కాదు, రోజూ. ఆఖరి రోజు పొద్దున కూడా."